ఏమీ జరగని బొమ్మల సినిమాల్లో అంత ఏముంది?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ఉద్యోగం గచ్చిబౌలిలో, ఇల్లు పద్మారావునగర్‌లో. రాత్రి ఇంటికి చేరి పెద్ద హీరో సినిమా పెడితే అరగంటకే తలనొప్పి వస్తోంది. అదే జపాన్ వాళ్ల బొమ్మల సినిమా పెడితే చివరిదాకా కదలకుండా చూస్తున్నారు. అందులో వంట, వాన, బడి, ఎవరికోసమో ఎదురుచూపు తప్ప కథంటూ పెద్దగా ఉండదు. అయినా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఎందుకో తెలియదు. మీ బావగారేమో ‘ఈ వయసులో కార్టూన్లేంటి’ అంటున్నారు. వీటిలో నిజంగా విషయముందా, లేక అలసిపోయిన బుర్రకి జోలపాటలాంటివేనా అని మీ సందేహం. అమ్మగారితో, అయిదేళ్ల మేనకోడలితో కలిసి ఏవి చూడొచ్చో కూడా చెప్పమన్నారు.

నేను హైదరాబాద్ స్టూడియోల్లో చాలా ఏళ్లు యానిమేటర్‌గా పనిచేశాను, ఇప్పుడు అదే పని పిల్లలకు నేర్పుతున్నాను. కాబట్టి గీసేవాళ్ల వైపు నుంచి చెబుతాను. విషయముంది, అదీ చాలా ఉంది. మీరు రోజూ చేస్తూ కూడా పట్టించుకోని పనిని ఇంకొక మనిషి రోజుల తరబడి గమనించి గీశాడు. తెర మీద మీకు తగులుతున్నది ఆ శ్రద్ధ.

కెమెరాతో తీసే సినిమాలో చాలా సంగతులు ఊరికే వచ్చేస్తాయి. నటి వంటింట్లో నిలబడితే చాలు, గోడ మీది నూనె జిడ్డు, కిటికీలోంచి పడే ఎండ, జారుతున్న కొంగు, పోపుడబ్బా మీద వాలిన ఈగ అన్నీ వాటంతట అవే ఫ్రేములో పడతాయి. బొమ్మల సినిమాలో ఏదీ దానంతట అది రాదు. ఈగ కావాలంటే ఒకరు ఈగని గీయాలి. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసే పనిలో సాధారణంగా ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలుపుతాం, అంటే సెకనుకి 12 బొమ్మలు. ఒకావిడ కుళాయి కట్టేసి, కొంగుతో చేయి తుడుచుకుని, వెనక్కి తిరగడానికి నాలుగు సెకన్లు పడితే దానికి 48 బొమ్మలు. ముందు రఫ్‌గా చిత్తుగీతలు, తర్వాత కదలికలోని ముఖ్యమైన భంగిమలు, అంటే కీ పోజులు, వాటి మధ్య ఇన్‌బిట్వీన్లనే నడిమి బొమ్మలు, తర్వాత గీతలు శుభ్రంచేసే క్లీనప్, తర్వాత రంగు. కథకి ఏ అవసరమూ లేని ఒక చేయి తుడుచుకోవడానికి ఇంత పని. ఒక దర్శకుడు ఆ నాలుగు సెకన్లు కావాలని పట్టుబట్టాడంటే అతనికి ఆ చేయి తుడుచుకోవడం ముఖ్యమని అర్థం. చూసేవాళ్లకి ఈ లెక్కలేవీ తెలియక్కర్లేదు. తెలియకపోయినా ఆ పట్టుదల చేరాల్సిన చోటికి చేరుతుంది.

మా క్లాసులో కొత్తగా చేరినవాళ్లకి నేనిచ్చే మొదటి పెద్ద పని నీళ్ల బిందె. ఒకావిడ నల్లా దగ్గర బిందె నింపి, ఎత్తి, చంకన పెట్టుకుని నాలుగడుగులు నడవాలి. అంతే. మొదటిసారి దాదాపు అందరూ ఒకేలా గీస్తారు. మనిషి నిటారుగా ఉంటుంది, బిందె బెలూన్‌లా పైకి లేస్తుంది, నిండు బిందెకీ ఖాళీ బిందెకీ తేడా తెలియదు. అప్పుడు వాళ్లని నల్లా వచ్చే వేళకి బస్తీకి తీసుకెళ్తాను. మన ఊళ్లో చాలా వీధుల్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కదా, ఆ గంటలో వీధంతా మెలకువగా ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. ఎత్తే ముందు ఆవిడ ఒక్క క్షణం ఆగుతుంది. కాళ్లు కాస్త ఎడంగా పెట్టుకుంటుంది. ఒక చేయి బిందె మెడకి, ఇంకొకటి అడుగుకి. ముందు తొడ మీదికి ఎత్తి, అక్కడ్నుంచి ఒక్క ఊపుతో నడుం మీదికి. బిందె ఎడమ పక్కనుంటే ఒళ్లు కుడికి ఒరుగుతుంది, కుడిచేయి దూరంగా చాచుకుంటుంది, అడుగులు పొట్టివవుతాయి. రెండు మూడు అడుగులు వేశాక నీళ్లు తొణికి చీర తడుస్తుంది. ఆవిడ కిందికి చూడదు.

ఆ చూడకపోవడాన్ని గీసినవాడికి ఈ పని వచ్చేసినట్టే. ఆవిడకి ఇది ఇవాళ ఒక్కరోజు పని కాదని, చీర తడవడం రోజూ ఉండేదేనని, ఇంట్లో ఇంకా నింపాల్సిన డ్రమ్ము ఉందని ఒక్క మాట లేకుండా చూసేవాళ్లకి తెలిసిపోతుంది. మీరు ఏమీ జరగలేదు అనుకున్న సన్నివేశంలో జరిగేది ఇదే. ఒక జీవితమంతా ఒక కదలికలో పట్టుబడుతుంది.

జపాన్‌లో బొమ్మల సినిమాలు తీసే సంస్థ స్టూడియో ఘిబ్లీ తీసిన మై నైబర్ టోటోరో మీరు చూశారన్నారు కాబట్టి దాన్నే తీసుకుందాం. 1988లో వచ్చింది, దర్శకుడు హయావో మియాజాకి. అమ్మ ఆస్పత్రిలో ఉంటే ఇద్దరు అక్కచెల్లెళ్లు, సత్సుకి, మే, నాన్నతో కలిసి పల్లెటూళ్లో పాత ఇంటికి వస్తారు. విలన్ లేడు, పందెం లేదు, గెలవాల్సిందేమీ లేదు. ఇంట్లో దిగిన రోజు పెద్దపిల్ల బోరింగ్ కొడుతుంది చూడండి, చేతుల బలం చాలక ఒళ్లంతా దాని మీద వేస్తుంది. మన ఊళ్లలో బోరింగ్ కొట్టిన ప్రతి పిల్లా అలాగే కొట్టింది. ఎక్కడో జపాన్‌లో కూర్చుని గీసినవాళ్లు మన పెరట్లోకి తొంగిచూసినట్టు ఎలా గీశారంటే, బరువు అన్ని ఊళ్లలోనూ ఒకటే, పిల్లల ఒళ్లూ ఒకటే. వాళ్లు దాన్ని సరిగ్గా చూశారు.

ఇక బస్టాపు సన్నివేశం. సాయంత్రం, వాన. నాన్న గొడుగు తీసుకెళ్లలేదని పిల్లలిద్దరూ గొడుగుతో బస్టాపుకి వస్తారు. బస్సు వస్తుంది, అందులోంచి నాన్న దిగడు. చెల్లెలికి నిద్ర ముంచుకొస్తుంది, అక్క వీపున ఎక్కించుకుంటుంది. చీకటి పడుతుంది, స్తంభం మీద దీపం వెలుగుతుంది. ఒక కప్ప నెమ్మదిగా పోతుంటుంది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతోసేపు ఇంతే. ఆ తర్వాత పక్కన ఒక పెద్ద పాదం కనిపిస్తుంది, తల మీద ఆకు పెట్టుకున్న అంతెత్తు జంతువు వచ్చి, అది కూడా బస్సు కోసమే అన్నట్టు నిలబడుతుంది. ఆ పిల్ల నాన్న గొడుగు దానికిస్తుంది. గొడుగు మీద టపటపమని చినుకులు పడే చప్పుడు దానికి భలే నచ్చుతుంది.

ఈ సన్నివేశాన్ని క్లాసులో చాలాసార్లు వేసి చూపించాను, ప్రతిసారీ ఒక మాట చెబుతాను. ఆ వింత జంతువుని మనం నమ్మడానికి కారణం దాని ముందున్న ఎదురుచూపు. వీపు మీద చెల్లెలి బరువు, మెడ దగ్గర నొక్కుకుంటున్న గొడుగు కాడ, ఒంటికాలి మీంచి ఇంకో కాలి మీదికి మారే అక్క, ఇవన్నీ నిజంగా ఉన్నాయి కాబట్టి తర్వాత వచ్చిన అబద్ధం కూడా నిజమైపోయింది. తొందరపడి జంతువుని ముందే తెచ్చిపెట్టి ఉంటే అది ఒక బొమ్మగానే మిగిలేది.

యానిమేటర్‌కి అన్నిటికన్నా కష్టమైనది కదలకుండా నిలపడం. నటుడు కదలకుండా కూర్చున్నా బతికే ఉంటాడు, ఊపిరి తెలుస్తుంది, కన్ను చెమర్చడం తెలుస్తుంది. గీసిన మనిషి ఆగిపోతే అక్కడికక్కడే చచ్చిపోతుంది, గోడకి తగిలించిన పటమైపోతుంది. టీవీ సీరియల్ పనిలో ఖర్చు తగ్గించడానికి బొమ్మని కదలకుండా నిలిపేస్తారు, నోరు మాత్రం ఆడుతుంటుంది. చూసేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది, అందుకే వెంటనే ఓ మెరుపో చప్పుడో వేసి దృష్టి మళ్లిస్తారు. నెమ్మదైన సినిమా తీసేవాళ్లకి ఆ దారి లేదు. మనిషి ఆగినప్పుడు కూడా ఆలోచిస్తున్నట్టు ఉండాలి. అందుకని వెనక ఆకులు కదులుతాయి, టీ మీద ఆవిరి లేస్తుంది, కనురెప్ప ఒక్కసారి సరిగ్గా పడాల్సిన చోట పడుతుంది. 2002లో మియాజాకి అమెరికా విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌తో మాట్లాడుతూ ఈ సంగతే చప్పట్లు కొట్టి చూపించాడు. రెండు చప్పట్ల మధ్య ఉన్న ఖాళీయే తనకి కావలసిందని, ఊపిరి తీసుకునే చోటు లేకుండా పరుగు పెడితే అది ఉత్త హడావుడేనని ఆయన చెప్పిన మాటల సారాంశం. కచేరీలో తాళం వేసేటప్పుడు చేయి గాల్లో ఉన్న సమయం కూడా లెక్కలోదే కదా, అలాగే.

చప్పుడు సంగతి కూడా అంతే, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బొమ్మల సినిమాకి షూటింగ్ స్పాట్ శబ్దం అంటూ ఉండదు. చెప్పులు నేలకి రాసుకోవడం, స్టీలు గిన్నె గట్టు మీద పెట్టడం, కీచురాళ్లు, దూరంగా రైలు, అన్నీ ఎవరో ఒకరు విడిగా చేసి అతికించాల్సిందే. నిశ్శబ్దాన్ని కూడా చేత్తోనే తయారుచెయ్యాలి. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ఒక గది నిశ్శబ్దానికీ ఇంకో గది నిశ్శబ్దానికీ తేడా వినిపిస్తుంది.

ఇక మీ కన్నీళ్ల సంగతి. మీరు జోలపాట అన్న మాట చాలామంది అంటారు. హాయిగా ఉంటాయి, రిలీఫ్‌గా ఉంటాయి, వెనకాల పెట్టుకుని పని చేసుకోవచ్చు అంటారు. నేను దాన్ని ఒప్పుకోను. టోటోరోలో ఉన్నది భయం. మియాజాకి చిన్నప్పుడు వాళ్లమ్మ వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచాన ఉన్నారు. సినిమాలో అమ్మకి ఏ జబ్బో చెప్పరు, ఎప్పుడు ఇంటికొస్తుందో ఎవరికీ తెలియదు. పెద్దపిల్ల పొద్దున్నే లేచి అందరికీ లంచ్ బాక్సులు కడుతుంది, చెల్లెలికి తల్లిలా తిరుగుతుంది, నవ్వుతూనే ఉంటుంది. ఆస్పత్రి నుంచి టెలిగ్రాం వచ్చాక మాత్రం పక్కింటి నానమ్మ దగ్గర ఒక్కసారిగా కూలిపోతుంది. అమ్మ చచ్చిపోతే ఎలా అని బావురుమంటుంది. అంతసేపూ ఆ పిల్ల చిన్నపిల్లేనన్న సంగతి మనమూ మర్చిపోయాం. ఆ వంటలు, ఆ ఎదురుచూపులు అన్నీ భయాన్ని అణచిపెట్టుకుని చేసినవని అప్పుడు తెలుస్తుంది. ఇళ్లల్లో భయం ఉండేది ఇలాగే. ఎవరూ పైకి చెప్పరు, కుక్కర్ మాత్రం టైముకి కూత పెడుతుంది.

పెద్ద సినిమాలో ప్రతి క్షణం ఏమనుకోవాలో మ్యూజిక్ చెప్పేస్తుంది. పొద్దుటి నుంచి ఆఫీసులో కాల్స్, మెసేజ్‌లు, టెన్షన్ పడి వచ్చిన మనిషికి ఇంకొకరు ఏమనుకోవాలో చెబుతుంటే తలనొప్పి రాక ఏం చేస్తుంది? ఈ సినిమాలు మీకు కాస్త చోటు వదులుతాయి. ఆ చోట్లోకి మీ అమ్మ, మీ చిన్నప్పటి ఇల్లు, మీరు అప్పుడు చెప్పుకోని ఏదో దిగులు వచ్చి కూర్చుంటాయి. మీకొచ్చే ఏడుపులో సగం మీ సొంతం. సిగ్గుపడాల్సిందేమీ లేదు, బావగారికి సంజాయిషీ ఇవ్వాల్సిన అవసరం అంతకన్నా లేదు.

పెద్దవాళ్లకి ఇవి అక్కర్లేదు అనే మాటకి గట్టి జవాబు ఇసావో తకహాతా. ఘిబ్లీలో రెండో పెద్ద దర్శకుడు, 2018లో పోయారు. ఆయన బొమ్మలు గీసేవాడు కాదు, గీయించేవాడు. బహుశా అందుకే మనుషుల్ని అంత ఓపిగ్గా చూడగలిగాడని నాకనిపిస్తుంది. ఆయన 1991లో తీసిన ఓన్లీ యెస్టర్‌డేలో కథానాయిక తయెకోకి 27 ఏళ్లు, టోక్యోలో ఆఫీసు ఉద్యోగం. సెలవు పెట్టి యమగత ప్రాంతానికి కుసుమపూలు కోయడానికి వెళ్తుంది. మన తాండూరు, జహీరాబాద్ వైపు నూనె కోసం వేసే కుసుమే అది, అక్కడ ఎర్రరంగు కోసం రేకులు కోస్తారు. ముళ్లు మంచుకి తడిసి మెత్తగా ఉండగానే తెల్లవారుజామున కోసెయ్యాలి. ఆ కోతని ఎంత వివరంగా చూపిస్తాడంటే, చూశాక కుసుమ చేలో మనం కూడా వంగి నిలబడ్డట్టుంటుంది. ఆ ప్రయాణంలో ఆమెకి పదేళ్లప్పటి సంగతులు ఒక్కొక్కటే గుర్తొస్తుంటాయి. పెద్దయ్యాక భాగంలో ముందు గొంతులు రికార్డ్ చేసి, ఆ నటుల ముఖకవళికలు చూసి బొమ్మలు గీయించాడు. నవ్వినప్పుడు బుగ్గల మీద పడే గీతలు కూడా వదల్లేదు. చిన్నప్పటి భాగంలో మాత్రం బొమ్మ అంచులు తెల్లగా కరిగిపోతుంటాయి, గుర్తున్నంత మేరకే ప్రపంచం ఉన్నట్టు.

అందులో అనాసపండు సన్నివేశం ఒక్కటి చాలు. 1966, ఇంటికి మొదటిసారి నిజమైన అనాసపండు వస్తుంది. అప్పటిదాకా వాళ్లకి తెలిసింది డబ్బాలో ముక్కలే. దాన్ని ఎలా కొయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలియదు, అలా ఉంచేస్తారు. ఎలాగో తెలుసుకుని ఒకరోజు కోస్తారు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. ముక్క నోట్లో పెట్టుకుంటే గట్టిగా ఉంటుంది, అనుకున్నంత తీపి లేదు. ఒక్కొక్కరే ముక్క పక్కన పెట్టేస్తారు. ఆ పిల్ల ఒక్కతే పట్టుదలగా నమిలి నమిలి తింటుంది. అందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఎవరూ తిట్టలేదు. ఇంట్లో ఒక ఆశ ఎలా చల్లారుతుందో కళ్లముందు జరిగిపోతుంది. ఇంటికి మొదటిసారి ఏదో గొప్ప వస్తువు వచ్చిన రోజు మనందరికీ ఒకటుంటుంది.

చిత్రమేంటంటే 1988 ఏప్రిల్‌లో టోటోరో విడుదలైనప్పుడు తకహాతా తీసిన గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్ కూడా దానితో జోడీగానే విడుదలైంది. యుద్ధంలో అనాథలైన అన్నాచెల్లెళ్ల కథ అది. అందులోనూ ఉన్నది వంట, స్నానం, మిఠాయి డబ్బా, వానే. అదే నెమ్మది, అదే శ్రద్ధ, కానీ చూసినవాళ్లు కోలుకోవడానికి రోజులు పడుతుంది. నెమ్మదిగా ఉన్నంత మాత్రాన హాయిగా ఉండాలని లేదనడానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది. మీరు ఇంకా చూడకపోతే ఆఫీసు నుంచి అలసి వచ్చిన రాత్రి మాత్రం పెట్టుకోకండి.

సునావో కతబుచి 2016లో తీసిన ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్ కూడా అలాంటిదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. హిరోషిమా నుంచి కురే అనే ఓడరేవు పట్నానికి కోడలిగా వెళ్లిన సుజు అనే అమ్మాయి కథ. యుద్ధం పెరిగేకొద్దీ రేషన్ తగ్గుతుంది. ఆమె పొలంగట్ల మీది ఆకులు ఏరి కూరలు వండుతుంది. వేయించిన బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి అన్నం ఎక్కువ కనబడేలా వండుతుంది, అది ఎవరికీ నోటికి పోదు. బాంబుల గురించి ఎన్ని సినిమాలైనా చూసి ఉంటాం. బాంబులు పడే ఊళ్లో కూడా సాయంత్రానికి ఏం వండాలన్న బెంగే పెద్ద బెంగ అని ఇంత దగ్గరగా చూపించింది నేనింకొకటి చూడలేదు.

2025 మార్చిలో అందరూ పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు ఏఐకి ఇచ్చి ఘిబ్లీ బొమ్మల్లా మార్చుకున్నారు, గుర్తుందా? మా స్టూడెంట్లు కూడా చేసుకున్నారు, సరదా పడ్డవాళ్లని నేనేమీ అనను. అయితే ఆ బొమ్మల్లో పచ్చదనముంది, గుండ్రటి బుగ్గలున్నాయి, గమనింపు లేదు. ఈ సినిమాల ఆకర్షణ రంగుల్లో ఉందనుకుంటే అది పొరపాటు. అమెరికా పేపర్ కార్టూన్లలోని చార్లీ బ్రౌన్ అనే పిల్లాడిలా నాలుగు గీతలతో గీసినా పని జరుగుతుంది. తకహాతాయే 1999లో మై నైబర్స్ ద యమదాస్‌ని నీటిరంగుల కార్టూన్‌లా, సగం కాగితం ఖాళీగా వదిలేసి తీశాడు. ఒక మామూలు కుటుంబం, అల్లుడి ఇంట్లో ఉండే అత్తగారు, టీవీ కోసం మొగుడూ పెళ్లాల పంతం. ఆ ఖాళీ కాగితం మీద కూడా మన ఇల్లు కనబడుతుంది.

మన బాపు గీత చూసినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. కొంగు బిగించి నిలబడ్డ ఒక ఇల్లాలి కోపం మొత్తం ఆయన ఒక్క గీతలో వచ్చేది. మధ్యతరగతి ఇళ్ల కథలు రాసిన కొడవటిగంటి కుటుంబరావే 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ పని చూశారు. అంటే మామూలు ఇంటిని శ్రద్ధగా చూసే చూపూ, బొమ్మతో కథ చెప్పే అలవాటూ తెలుగులో ఒకే బల్ల మీద ఉండేవి. అవి రెండూ కలిసి బొమ్మల సినిమాగా మారలేదు, నాకున్న పెద్ద వెలితి అదే.

హైదరాబాద్‌లో చేతులకి కొదవలేదు. 2008 నుంచి దేశమంతా పిల్లలు చూస్తున్న ఛోటా భీమ్ ఇక్కడి గ్రీన్ గోల్డ్ స్టూడియోదే. విదేశీ టీవీ సిరీస్‌ల పని, పెద్ద సినిమాల గ్రాఫిక్స్ పని ఏళ్ల తరబడి ఈ ఊళ్లో జరుగుతూనే ఉంది. అప్పట్లో రెండేళ్లకోసారి నవంబర్ 14న మొదలైన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి చాలా కాలం మన ఊరే వేదికగా ఉండేది, పొరుగు దేశాల చిన్న సినిమాలు నేను మొదట చూసింది అక్కడే. లేనిది టైము. టీవీ పనిలో వారానికి ఇన్ని సెకన్లు అని లెక్క ఉంటుంది, నల్లా దగ్గర నిలబడి చూసి రండి అని ఏ షెడ్యూలూ చెప్పదు. 2025లో మహావతార్ నరసింహకి పెద్దవాళ్లు కుటుంబాలతో కదిలారు, అంటే బొమ్మల సినిమాకి టికెట్ కొనడానికి మన జనానికి నామోషీ ఏమీ లేదు. దేవుడి కథకి వచ్చినవాళ్లు పక్కింటి కథకి కూడా వస్తారని నా నమ్మకం, తీసేవాళ్లు కావాలి. చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాడి ఒక రోజు చాలు, సినిమా అయిపోతుంది.

మన దేశంలో అసలు లేవా అంటే, ఉన్నాయి. గీతాంజలి రావు 2006లో తీసిన ప్రింటెడ్ రెయిన్‌బో పావుగంట సినిమా. ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ, ఆమె పిల్లి, ఆమె దాచుకున్న అగ్గిపెట్టెలు. ఆ పెట్టెల మీది బొమ్మల్లోకి ఆవిడ వెళ్లి వస్తుంటుంది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో విమర్శకుల విభాగంలో బహుమతులు తెచ్చుకుంది. సురేశ్ ఎరియాట్ మట్టిబొమ్మలతో చేసిన టోకరి ఇంకొకటి. తండ్రి గడియారం పగలగొట్టిన ఒక పిల్ల, దాన్ని బాగుచేయించడానికి బుట్టలు అమ్ముతుంది.

అమ్మగారి దగ్గరికి వద్దాం. జపాన్ మాటలు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రెండూ ఆవిడకి అడ్డమే కాబట్టి మాటల్లేనివాటితో మొదలుపెట్టండి. ముందు ప్రింటెడ్ రెయిన్‌బో. తర్వాత మైకెల్ డుడోక్ డె విట్ తీసిన ఫాదర్ అండ్ డాటర్, ఎనిమిది నిమిషాలే. పడవెక్కి వెళ్లిపోయిన తండ్రి కోసం ఒక పిల్ల సైకిల్ మీద గట్టు దగ్గరికి వస్తూనే ఉంటుంది, ముసలిదయ్యేదాకా. దీన్ని చూసి ముగ్ధులైన ఘిబ్లీ వాళ్లు ఆయన్ని పిలిచి పెద్ద సినిమా తీయమంటే 2016లో ద రెడ్ టర్టిల్ వచ్చింది, అందులోనూ సంభాషణల్లేవు. ఇవి నచ్చితే ఓన్లీ యెస్టర్‌డే పెట్టి, పక్కన కూర్చుని మీరే తెలుగులో చెప్పండి. పది మాటలకి ఒక మాట చెప్పినా చాలు, మిగతాది ఆవిడకే తెలిసిపోతుంది. చూసేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. మెట్రోలో నిలబడి ఫోన్‌లో చూసే సినిమాలు కావివి.

అయిదేళ్ల పాపకి టోటోరోయే. నెట్‌ఫ్లిక్స్‌లో 2020 నుంచి ఉంది, గంటన్నర కూడా లేదు. చివరి అరగంటలో చిన్నపిల్ల మే తప్పిపోతుంది, ఊరంతా వెతుకుతారు, అక్కడ పాప భయపడొచ్చు. ఒళ్లో కూర్చోబెట్టుకోండి చాలు, దొరుకుతుందని ముందే చెప్పకండి. వాళ్లమ్మ ఇంటికొచ్చిందా అని తప్పకుండా అడుగుతుంది. కథ అక్కడిదాకా చెప్పకుండానే ఆగిపోతుంది, కానీ పేర్లు పడుతున్నప్పుడు వచ్చే బొమ్మల్లో అమ్మ ఇంటికొస్తుంది, పిల్లలతో కలిసి ఉంటుంది. సరిగ్గా అక్కడే నెట్‌ఫ్లిక్స్ తెరని చిన్నది చేసి ఇంకో సినిమా వేయబోతుంది. రిమోట్ చేతిలో ఉంచుకుని, పేర్లన్నీ అయ్యేదాకా ఆపకుండా చూపించండి.